మాత్ర ఇవ్వడానికి అమ్మ సంతకం కావాలా?

పదహారేళ్ళ పిల్ల ఒంటరిగా డాక్టరు దగ్గరికి వెళ్ళి గర్భం రాకుండా మాత్రలు రాసివ్వమని అడిగిందనుకోండి. ఆ డాక్టరేం చెయ్యాలి? రాసివ్వాలా, "మీ అమ్మని తీసుకురా, అప్పుడు చూద్దాం" అని పంపెయ్యాలా?

పొద్దున్నే కాఫీ తాగుతూ చదివే పేజీలో ఇదేం ప్రశ్న అని విసుక్కునేవాళ్ళుంటారని నాకు తెలుసు. మొన్న నలుగురం కూర్చున్న చోట ఈ మాట ఎత్తితే ఒకావిడ చెవులు మూసుకున్నంత పని చేసింది. "మనిళ్ళల్లో అలాంటివి జరగవు" అంది. మనిళ్ళంటే ఎవరిళ్ళో మరి! అలాంటివి జరగకపోతే సంతోషమే. కానీ జరిగినప్పుడు ఆ పిల్ల ఎవరి దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళినచోట ఆమెకి ఏ జవాబు దొరుకుతుంది అన్నది ముందుగా ఆలోచించుకోవలసింది తల్లులమే కదా.

ఈ ప్రశ్నని కోర్టు దాకా తీసుకెళ్ళిన తల్లి ఒకావిడ ఉంది. పేరు విక్టోరియా గిల్లిక్. ఇంగ్లాండు. పదిమంది పిల్లల తల్లి, అందులో ఐదుగురు ఆడపిల్లలు. 1980లో అక్కడి ఆరోగ్య శాఖ డాక్టర్లకి ఒక సర్క్యులర్ పంపింది. పదహారేళ్ళలోపు పిల్ల వచ్చి గర్భనిరోధక సలహా అడిగితే, తల్లిదండ్రులకి చెప్పేలా ఆ పిల్లని ఒప్పించడానికి డాక్టరు ప్రయత్నించాలి, కానీ తప్పనిసరి పరిస్థితిలో వాళ్ళకి చెప్పకుండానే మందు ఇవ్వవచ్చు అని దాని సారాంశం. గిల్లిక్ తన ప్రాంతపు ఆరోగ్య అధికారులకి ఉత్తరం రాసింది. నా కూతుళ్ళకి పదహారేళ్ళు నిండేదాకా నా అనుమతి లేకుండా ఇలాంటివేవీ ఇవ్వబోమని రాసివ్వండి అని అడిగింది. వాళ్ళు ఇవ్వలేదు. ఆవిడ కోర్టుకెక్కింది.

1983లో కింది కోర్టులో ఓడిపోయింది. 1984 డిసెంబరులో అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జీలూ ఆవిడ పక్షానే తీర్పు చెప్పారు. 1985 అక్టోబరులో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు వచ్చింది. అక్కడ ఐదుగురిలో ముగ్గురు ఆవిడకి వ్యతిరేకం, ఇద్దరు అనుకూలం. ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. అన్ని కోర్టుల్లోనూ కలిపి లెక్కవేస్తే ఆవిడ మాట సబబన్న జడ్జీలే ఎక్కువమంది. ఇది అంత తేలిగ్గా తేలే సంగతి కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆవిడని చాదస్తురాలని కొట్టిపారెయ్యడం నాకిష్టం లేదు. నేనూ ఆడపిల్ల తల్లినే. స్కూలువాళ్ళు పిల్లల్ని గోల్కొండ చూపించడానికి తీసుకెళ్ళాలంటే నా సంతకం కావాలి. పన్ను పీకించాలంటే నేను పక్కన ఉండాలి. అలాంటిది నా పిల్ల ఒంట్లో హార్మోన్లు మార్చే మందు నాకు తెలియకుండా ఇస్తానంటే ఏ తల్లికైనా గుండె గుభేలుమంటుంది. రేపు వాంతులయినా, తలనొప్పితో మెలికలు తిరిగినా రాత్రంతా పక్కన కూర్చునేది ఆ డాక్టరు కాదు గదా!

కానీ ఆ తీర్పులో లార్డ్స్ చెప్పింది "పిల్లల ఇష్టం, తల్లిదండ్రులకేం పని" అని కాదు. తల్లిదండ్రుల అధికారం పిల్లల మేలు కోసం ఉన్నది, పిల్ల ఎదిగేకొద్దీ అది తరుగుతూ వస్తుంది, చివరికి సలహాగా మిగులుతుంది అన్నారు. ఇది మనకి తెలియనిదేమీ కాదు. మూడేళ్ళ పిల్లకి గౌను మనమే తొడుగుతాం, పదమూడేళ్ళ పిల్లకి ఏది తొడుక్కోవాలో చెబుతాం, పద్ధెనిమిదేళ్ళ పిల్లకి చెప్పినా వినదు! డాక్టరు ఏమేం చూసుకోవాలో కూడా లార్డ్ ఫ్రేజర్ విడమరిచి చెప్పాడు. ఆ పిల్లకి తను అడుగుతున్నదేమిటో నిజంగా అర్థమయిందా, అమ్మానాన్నలకి చెప్పమంటే ఎంత నచ్చజెప్పినా ఒప్పుకోవడం లేదా, మందు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ సంబంధం మానేలా లేదా, ఇవ్వకపోతే ఆమె ఆరోగ్యమో మనసో దెబ్బతింటుందా, అన్నీ కలిపి చూస్తే ఇవ్వడమే ఆమెకి మేలా? ఈ ఐదింటికీ అవునని తేలితేనే. ఒక పిల్లకి ఆ మాత్రం తెలివిడి ఉందా లేదా అని చూసే కొలతకి ఇంగ్లాండు డాక్టర్లు ఇవాళ్టికీ గిల్లిక్ పేరే వాడతారు. ఓడిపోయిన తల్లి పేరు అలా నిలిచిపోయింది పాపం.

మన తెలుగు కుటుంబాలు వేలల్లో స్థిరపడిన టెక్సాస్ లో ఇదే తగువు ఈమధ్య ఎదురుదిక్కున తేలింది. 1970 నుంచీ అమెరికా కేంద్ర ప్రభుత్వ డబ్బుతో నడిచే కుటుంబ నియంత్రణ క్లినిక్కుల్లో మైనర్లకి కూడా గుట్టుగా సేవలందేవి. ముగ్గురు ఆడపిల్లల తండ్రి ఒకాయన కోర్టుకెళ్ళాడు. 2022 డిసెంబరులో ఆయన గెలిచాడు. 2024 మార్చిలో అప్పీలు కోర్టు కూడా, టెక్సాస్ చట్టం ప్రకారం తల్లిదండ్రుల అనుమతి ఉండాల్సిందే అంది. తమాషా ఏమిటంటే, సరిగ్గా ఆ నెల్లోనే రోజువారీ గర్భనిరోధక మాత్ర ఒకటి, డాక్టరు చీటీ అక్కర్లేకుండా, వయసు నిబంధన లేకుండా అమెరికా షాపుల్లో అమ్మకానికొచ్చింది. నర్సు ఎదురుగా కూర్చుని మంచీచెడ్డా చెప్పేచోట నాన్న సంతకం కావాలి. అలమారలోంచి తీసుకుని డబ్బు కట్టేచోట ఎవరి సంతకమూ అక్కర్లేదు.

నవ్వకండి. మన దగ్గరా అంతే.

గర్భనిరోధక మాత్రకి అమ్మానాన్నల సంతకం కావాలని విడిగా చెప్పే చట్టం మనకి లేదు. సంబంధం జరిగిన తర్వాత 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్రని 2005 నుంచి డాక్టరు చీటీ లేకుండా అమ్మనిస్తున్నారు. నిరోధ్ సంగతి సరేసరి. ఆమధ్య మా అత్తగారికి బీపీ మాత్రల కోసం మెడికల్ షాపుకి వెళ్ళినప్పుడు కాలేజీ యూనిఫారంలో ఒక పిల్ల షాపు పక్కగా నిలబడి ఉంది. జనం తగ్గేదాకా ఆగింది. నేనూ వెళ్ళిపోయాననుకుని ముందుకొచ్చి మడిచిన కాగితం ఇచ్చింది. షాపు కుర్రాడు చిన్న పెట్టె తీసి న్యూస్ పేపర్లో చుట్టాడు. "ఎప్పుడు వేసుకోవాలి?" అని ఆ పిల్ల గొంతులోనే అడిగింది. వాడు పక్కవాడికేసి చూసి నవ్వి, "అట్ట మీద రాసుంటది, చదువుకో" అన్నాడు. అట్ట మీద రాసింది ఇంగ్లీషులో, చీమల బారులాంటి అక్షరాల్లో. ఆ పిల్ల ఎన్ని గంటల తర్వాత వచ్చిందో, ఎవరి వల్ల వచ్చిందో, ఇష్టంగానో భయంతోనో... అడిగినవాళ్ళెవరు?

అడగవలసిన డాక్టరు దగ్గరికి వెళితే ఏమవుతుంది? ఇక్కడే మన చట్టానికీ ఇంగ్లాండు చట్టానికీ పెద్ద తేడా. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పద్ధెనిమిదేళ్ళలోపు పిల్ల ఇష్టపడినా ఆ ఇష్టానికి విలువ లేదు. అవతలివాడు నేరస్థుడే, వాడికీ పదిహేడేళ్ళే అయినా సరే. ఆ సంగతి తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకి చెప్పాలి. చెప్పకపోతే ఆర్నెల్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. డాక్టరుకీ మినహాయింపు లేదు. గైనకాలజిస్టు అయిన నా స్నేహితురాలిని ఈ సంగతే అడిగాను. "పదిహేడేళ్ళ పిల్ల వచ్చి మాత్ర అడిగితే నాకున్నవి రెండే దార్లే. పోలీసులకి చెప్పడం, లేకపోతే వయసు అడగనట్టు నటించడం. చాలామంది రెండోదే చేస్తారు" అంది. కేసు షీటులో పద్ధెనిమిది అని రాసేసుకుంటారట. కాగితం మీద ఆ పిల్ల పెద్దదయిపోతుంది. పెద్దదానికి చెప్పే నాలుగు ముక్కలు చెప్పి పంపేస్తారు. పదిహేడేళ్ళ పిల్లకి చెప్పవలసిన మాటలు అలాగే ఉండిపోతాయి.

నెల తప్పిన తర్వాత అయితే సంతకం కచ్చితంగా కావాలి. 1971 నాటి గర్భస్రావ చట్టం ప్రకారం పద్ధెనిమిదేళ్ళలోపు పిల్లకి సంరక్షకుల రాతపూర్వక అంగీకారం లేనిదే గర్భం తీయకూడదు. పోలీసు కేసంటే ఊరంతా తెలుస్తుందని భయపడి ఎన్నో కుటుంబాలు ఆస్పత్రి గుమ్మం ఎక్కకుండా నాటువైద్యాల వెంట పడతాయి. ఇది గ్రహించే కాబోలు 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక వెసులుబాటు ఇచ్చింది. గర్భస్రావం కోసం వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆ పిల్ల పేరూ వివరాలూ బయటపెట్టనక్కర్లేదని. మంచి మాటే. అయితే ఇదంతా గర్భం వచ్చిన తర్వాత దక్కే దయ. రాకుండా చూసుకుంటానని ముందే వచ్చిన పిల్ల కోసం ఇంత స్పష్టంగా ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఇంతవరకూ చదివి మీరు ఊహించుకున్న పిల్ల బహుశా జీన్సు వేసుకుని, చేతిలో సెల్లుతో, కాలేజీ ఎగ్గొట్టి తిరిగే పిల్ల అయి ఉంటుంది. మన రాష్ట్రాల్లో ఈ మాత్ర అవసరమయ్యే మైనరు పిల్లల్లో చాలామంది మెడలో పసుపుతాడుంటుంది.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్ లో 20-24 ఏళ్ళ స్త్రీలలో పద్ధెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళు నూటికి 29.3 మంది. తెలంగాణలో 23.5 మంది. దేశం మొత్తం మీద సగటు 23.3. సర్వే నాటికి 15-19 ఏళ్ళ మధ్య ఉండి అప్పటికే తల్లులయినవాళ్ళు, లేదా కడుపుతో ఉన్నవాళ్ళు ఆంధ్రలో నూటికి 12.6 మంది. దేశ సగటుకి ఇంచుమించు రెట్టింపు! తెలంగాణ ఈ విషయంలో నయం, 5.8.

మా ఇంట్లో అంట్లు తోమే ఆమె రెండో కూతురికి ఇంటర్ మొదటి సంవత్సరం అవగానే పెళ్ళి చేసేశారు. ఎవడితోనో ఫోన్లో మాట్లాడుతోందని తండ్రి పట్టిన పట్టు. పదహారు దాటి నాలుగు నెలలు. నేనూ చెప్పి చూశాను. "మీ ఇళ్ళల్లో చెల్లుద్దమ్మా, మా పేటలో పిల్లని అట్టిపెట్టుకుంటే చెల్లదు" అని కొట్టిపారేశాడు. రెండో సంవత్సరం పరీక్ష రాసేదాకా పిల్లలొద్దని ఆ పిల్లకి గట్టిగా ఉంది. మొగుడు కూడా సరేనన్నాడట. ఎవరికీ చెప్పకుండా ఆస్పత్రికి వెళ్ళి మాత్రలు అడిగింది. "తొలికాన్పు కాకుండానే మాత్రలేంటి? మీ అత్తని తీసుకురా" అని పంపేసింది అక్కడి నర్సమ్మ. అత్తని తీసుకెళ్ళే ధైర్యమే ఉంటే ఆ పిల్ల ఒంటరిగా ఎందుకు వెళుతుంది? ఏడాది తిరక్కుండా రెండు కిలోలు కూడా లేని బిడ్డని కన్నది. హాల్ టికెట్టు వాళ్ళమ్మ ట్రంకు పెట్టెలో ఉండిపోయింది.

ఇక్కడ చట్టం వేసే పిల్లిమొగ్గలు చూడండి. బాల్యవివాహం నేరం. కానీ 2006 చట్టం ప్రకారం ఆ పెళ్ళి దానంతటది చెల్లకుండా పోదు, ఆ పిల్ల కోర్టుకెళ్ళి కొట్టేయించుకోవాలి. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు, పద్ధెనిమిదేళ్ళలోపు భార్యతో సంసారం కూడా అత్యాచారమే అని తేల్చింది. న్యాయమైన తీర్పే. దాని ఫలితంగా కాపురం చేస్తున్న పదిహేడేళ్ళ పిల్ల మాత్ర కోసం వెళితే మొగుడు జైలుకెళ్ళే ప్రమాదం ఉంది. 2023 ఫిబ్రవరిలో అస్సాంలో బాల్యవివాహాల కేసుల్లో మూడువేలమందికి పైగా అరెస్టు చేశారు. పోలీసు భయంతో కడుపుతో ఉన్న పిల్లలు ఆస్పత్రులకి రావడం మానేశారని అప్పట్లో పత్రికలు రాశాయి. తండ్రి చేసిన తప్పుకీ అత్తింటివాళ్ళు చేసిన తప్పుకీ దాక్కోవలసింది మాత్రం పదిహేడేళ్ళ పిల్ల!

అందుకే "తల్లిదండ్రుల అనుమతి" అనే మాట మన దగ్గర వినగానే నేను ఒక్క క్షణం ఆగుతాను. ఏ తల్లిదండ్రులు? చదువు మాన్పించి పెళ్ళి చేసినవాళ్ళా? నెల తప్పిందని తెలిస్తే నరికి పోగులు పెడతామనేవాళ్ళా? మరీ చెప్పుకోలేని సంగతి, ఆ పిల్లని పాడు చేసినవాడు ఇంట్లోనే ఉంటే? బాబాయో, బావో, ఒక్కోసారి కన్నతండ్రో. అలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్లని "మీవాళ్ళ సంతకం తీసుకురా" అనడం లేడిపిల్లని పులి దగ్గరికే తోలడం.

అవతలి పక్షం వాళ్ళ మాటల్లో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది ఒకటుంది. పరువు, సంస్కృతి అనే మాటలకి నేను పెద్దగా బెదరను. కానీ గుట్టుగా మాత్ర దొరికితే పిల్లకంటే ముందు లాభపడేది ఆ పిల్లని వాడుకుంటున్న పెద్దవాడు కదా అన్నారు ఒక లాయరుగారు. ట్యూషన్ మాస్టారో, ఆటో డ్రైవరో, ఇంటి ఓనరో పద్నాలుగేళ్ళ పిల్లకి తనే కొనిచ్చి మింగిస్తాడు, సాక్ష్యం లేకుండా పోతుంది. కాదనలేం. అయితే ఆ ముప్పు పొంచి ఉన్నది మెడికల్ షాపులో. మనసుపెట్టి అడిగే డాక్టరు గదిలో దానికి చోటు తక్కువ. తలుపు మూసి కూర్చోబెట్టి, "ఎవరమ్మా అతను? వయసెంత? నీకిష్టమేనా? బెదిరించాడా?" అని అడిగే మనిషి ఉంటేనే అలాంటివాడు బయటపడతాడు. అడిగితే అమ్మకి చెప్పేస్తారనో, పోలీసులొస్తారనో తెలిస్తే ఆ పిల్ల అసలు ఆ గదికే రాదు.

నా మట్టుకు నేను అనుకునేది ఇది. పద్నాలుగేళ్ళ పిల్ల వస్తే అది మాత్రతో పోయే వ్యవహారం కాదు. ఆ పిల్లని కాపాడాలి, పోలీసులకి చెప్పాలి, రెండో మాట లేదు. పదహారు, పదిహేడేళ్ళ పిల్ల, తన ఈడువాడితో ఇష్టపడి తిరిగే పిల్లయినా, పెళ్ళయిన పిల్లయినా, వచ్చి అడిగితే డాక్టరు ఆమెతో మాట్లాడాలి, ఇంట్లో చెప్పుకోమని నచ్చజెప్పాలి, కుదరకపోతే సంతకం అడక్కుండా ఇవ్వాలి. అలా ఇచ్చిన డాక్టరుకి జైలు భయం ఉండకూడదు. ఎన్ఫోల్డ్ అనే సంస్థ 2016-20 మధ్య పశ్చిమ బెంగాల్, అస్సాం, మహారాష్ట్రల్లో వచ్చిన పోక్సో తీర్పులు ఏడువేలకి పైగా చదివి చూస్తే, ఇంచుమించు నాలుగోవంతు ప్రేమ వ్యవహారాలేనని తేలింది. 2023లో లా కమిషన్ మాత్రం పద్ధెనిమిదేళ్ళ పరిమితి తగ్గించొద్దనే చెప్పింది. పదహారు పద్ధెనిమిది మధ్య పిల్లలు ఇష్టపడ్డ కేసుల్లో శిక్ష విషయంలో జడ్జికి విచక్షణ ఉంటే చాలంది. జడ్జి దాకా వెళ్ళాక విచక్షణ సరే. డాక్టరు బల్ల దగ్గర విచక్షణ మాటేమిటి?

మగపిల్లల తల్లుల్ని ఇందులోకి ఎవరూ లాగరు, గమనించారా? నిరోధ్ కొనడానికి వెళ్ళిన పదిహేడేళ్ళ కుర్రాణ్ణి "మీ అమ్మ సంతకం తీసుకురారా" అన్న షాపువాణ్ణి నేను ఇంతవరకూ చూళ్ళేదు. పోలీసులొచ్చి తీసుకెళ్ళేదాకా వాడి సంగతి వాడి తల్లికి తెలియదు.

చివరగా, ఆడపిల్లకి చెప్పుకోవలసిన కొన్ని సంగతులు. 72 గంటల మాత్ర ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. మూడోరోజు దాకా ఆగొచ్చని కాదు. అప్పటికే నిలిచిన గర్భాన్ని అది పోగొట్టదు, ఎయిడ్స్ లాంటి రోగాలని ఆపదు, అస్తమానం వాడుకునే మందూ కాదు. మింగిన రెండు గంటల్లోపు వాంతయితే మళ్ళీ వేసుకోవాలి. నెలసరి వారం దాటి ఆలస్యమైతే పరీక్ష చేయించుకోవాలి. గర్భం పోవడానికని షాపుల్లో చాటుగా అమ్మే మాత్రలు వేరు. అవి డాక్టరు పర్యవేక్షణ లేకుండా మింగితే రక్తస్రావం ఆగక ప్రాణం మీదికొస్తుంది. ఆశా కార్యకర్తల దగ్గర నిరోధ్ లూ, రోజువారీ మాత్రలూ, అత్యవసర మాత్రా ఉంటాయి. ఇంటింటికీ ఇచ్చే ఈ పథకం 2011లో మొదలైంది, ధర రూపాయో, రెండో. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో పది నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లలకి విడిగా క్లినిక్కులు పెట్టారు. అక్కడ చెప్పుకున్నది బయటికి పొక్కకుండా చూడాలన్నది ఆ పథకంలోని నియమాల్లో ఒకటి. మీ ఊరి ఆస్పత్రిలో అది ఏ గదిలో ఉందో, ఏ వారం తెరుస్తారో ఈసారి వెళ్ళినప్పుడు కనుక్కోండి. బాలల హెల్ప్ లైన్ నంబరు 1098. ఇంట్లో ఫ్రిజ్ మీద పాలవాడి నంబరు పక్కన అదీ రాసిపెట్టండి. ఎందుకని పిల్ల అడిగితే చెప్పండి.